తుప్పు దొర దొరికిన వైనం

పాతికేళ్ళపాటు సినిమాలకి విలన్లని వెతికిపెట్టేను. హీరోని ఎవరూ వెతకమనరు, ఆయన ముందే ఉంటాడు. హీరోయిన్ని వెతకడానికి నిర్మాతగారి తమ్ముళ్ళు, బావమరుదులు బోల్డుమంది. మిగిలింది విలనూ, విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడే పదిమందీ. ఆ పని నాది. మా చోడవరంలో నన్ను ‘విలన్ల పిన్ని’ అంటారు. మొదట్లో ఒళ్ళు మండిపోయీది. పని మానేసేక ఎవరూ అనకపోతే ఏదో వెలితిగా ఉంది.

ఈ విద్య నాకు చర్చిలో అబ్బింది. ప్రతి ఏడూ క్రిస్మస్ నాటకం వేయించే బాధ్యత నా నెత్తిన పడీది. అందరికీ జ్ఞానుల వేషాలు కావాలి, దేవదూత వేషాలు కావాలి. ఆఖరికి గొర్రెపిల్ల వేషానికి కూడా కొట్టుకునీవారు. పసిపిల్లల్ని చంపించే ఆ పాపిష్టి రాజు వేషం మాత్రం ఎవరికీ వద్దు. “మా గుంటడికి ఆ వేషం ఇచ్చేవంటే మేం ఆరాధనకే రాం” అని ఓ పెద్దావిడ నా మొహం మీదే చెప్పేసింది. బతిమాలి, తిట్టి, కేకు రెండు ముక్కలిస్తానని ఆశపెట్టి, ఎలాగో ఏటా ఒక రాజుని పట్టీదాన్ని. అలా పట్టగా పట్టగా నాకో సంగతి తెలిసింది. విలన్ వేషం వెయ్యమంటే మనిషి ముందు నొచ్చుకుంటాడు. ఆ నొప్పి పోయేలా మాట్లాడ్డమే మన పని. తరవాత విశాఖపట్నంలో షూటింగులు జోరందుకున్నాయి, లోకల్ మనుషులు కావాలని ఎవరో అడిగేరు, నేను దూరిపోయేను.

ఇప్పుడు ఫోన్లు పట్టుకుని ఊరంతా తిరుగుతూ షార్ట్ ఫిలింలు తీసే పిల్లలు నా దగ్గరకొచ్చి, “పిన్నీ, విలన్ని ఎలా కనిపెట్టాలి?” అని అడుగుతుంటారు. దానికి జవాబు చెప్పాలంటే నేను చేసిన వెధవ పనొకటి చెప్పాలి. సరే, ఇంక దాచుకుని ఏం చేస్తాను? వినండి.

ఓ ఐదారేళ్ళ కిందటి మాట. హైదరాబాదు నుంచి ఓ కుర్ర డైరెక్టరు దిగేడు. చిన్నప్పుడు చదువుకున్న బొమ్మల కథల పుస్తకాన్ని సినిమా తీస్తాడట. హీరో పేరు ఉక్కుబాబు, ఎగురుతాడు. విలన్ పేరు తుప్పు దొర. ఏడడుగుల మనిషి, బోడిగుండు, ఇనప దవడ. వేలు పెట్టి దేన్ని ముట్టుకుంటే అది తుప్పు పట్టిపోతుంది. ఉక్కువాడికి తుప్పువాడు విరోధి అన్నమాట, బాగానే ఉంది. ఈ దొర చెరుకు పండే ఊళ్ళ మీద పడి, చెరువులూ గుంటలూ పూడ్చేసి, పిల్లల్ని పట్టుకుపోయి ఓ పాకలో పెడతాడు. అందుకని లొకేషను మాది. దేవరాపల్లి రోడ్డులో ఎప్పుడో మూతబడ్డ గానుగ పాక ఒకటి చూపించేను. కుర్రాడు ఆ తుప్పు పట్టిన గానుగని కావిలించుకున్నంత పని చేసేడు.

విలన్ని మాత్రం ఆళ్ళే తెచ్చుకున్నారు. హైదరాబాదులో జిమ్ము నడిపే మనిషి. ఆ జబ్బలు చూస్తే బస్తా బెల్లం ఒంటి చేత్తో ఎత్తేసేలా ఉన్నాడు. నాకు అప్పగించింది రెండే పనులు. వెనకాల నిలబడే జనాన్ని తేవడం, డైలాగు కాగితాలు చదివి ఇక్కడి మాటకి తేడా వస్తే చెప్పడం. మొదటిది చేసేను. రెండోది, మూడు రోజులు నా హ్యాండుబ్యాగులో తిరిగింది. “చదివేరా మేడమ్?” అంటే “చదివేను నాయనా, దివ్యంగా ఉంది” అన్నాను. అబద్ధం.

మొదటి రోజు షూటింగుకి చుట్టుపక్కల ఊళ్ళ జనం తీర్థానికొచ్చినట్టు వచ్చేరు. జిమ్ము మనిషి చొక్కా లేకుండా, మొహానికి ఇనప దవడ తగిలించుకుని ట్రాక్టరెక్కి నిలబడ్డాడు. క్లాపు కొట్టేరు. ఆకాశం కేసి చూసి అరిచేడు:

“ఈ ఊళ్ళో గుంటలన్నీ పూడ్చిపెట్టేస్తాను! ఒక్క గుంటని కూడా మిగలనివ్వను!”

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. మగపిల్లాడైతే గుంటడు. ఈ సంగతి తెలీని వాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడు తెలుసుకోండి, ఆ రచయిత ఆలస్యంగా తెలుసుకున్నాడు.

జనంలోంచి ఓ ముసలావిడ, చెరుకు కొట్టే కత్తి చేతిలోనే ఉంది, పొలంలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర బొడ్లో దోపుకుని ముందుకొచ్చింది.

“ఏట్రా? మా గుంటల్ని పూడిసిపెడతావేటి? నీ మూతికి డొక్కు తగిలించుకుంటే బయపడిపోతామనుకున్నావా? దిగరా కిందకి!”

“అమ్మా, అది డైలాగు...” అన్నాడు దవడలోంచి.

“నీ డైలాగు తగలెయ్య! మీ అమ్మ గుంట కాదేట్రా?”

ఆవిడ వెనకాల ఇంకో పదిమంది ఆడవాళ్ళు లేచేరు. తుప్పు దొర ట్రాక్టరు మీంచి దూకి చెరుకుతోటలో పడి పరిగెట్టేడు. ఒంటి మీద చొక్కా లేకుండా చెరుకుతోటలో పరిగెడితే ఏమవుతుందో మీకు తెలుసు కదా. ఆకు కత్తిలా కోస్తుంది, ఆనక దురద. అవతలి గట్టున తేలేసరికి మనిషి ఒళ్ళంతా ఎర్రటి గీతలు. సాయంత్రం బస్సుకే హైదరాబాదు వెళ్ళిపోయేడు. దవడ మాత్రం వదిలేసి వెళ్ళేడు.

డైరెక్టరు నా ముందుకొచ్చి, అరవలేదు, అరిస్తే బాగుండీది. “మీరు చదివేనన్నారు కదా మేడమ్” అన్నాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. “నాలుగు రోజులు టైమియ్యి నాయనా. ఇక్కడి మనిషినే తెస్తాను. పిల్లలు చూసి గజగజ వణక్కపోతే తెర మీంచి నా పేరు తీసేద్దువు గాని” అనేసేను. రోషం వస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

స్కూటీ వేసుకుని రోలుగుంట నుంచి గోవాడ దాకా తిరిగేను. “చూస్తే భయం పుట్టే మనిషెవరున్నారు మీ ఊళ్ళో?” అని అడిగితే ఎవర్ని కదిపినా ఒకటే జవాబు. “మా తోడల్లుడండి!” రెండు రోజులయ్యేసరికి నా ఫోన్లో పదకొండుమంది తోడల్లుళ్ళ ఫొటోలు చేరేయి. పదకొండుమందీ గొర్రెపిల్ల వేషానికి తప్ప దేనికీ పనికిరారు. మాంసం కొట్టాయన్ని తెచ్చి దవడ తగిలిస్తే కితకితలంటూ నవ్వుతూ కూర్చున్నాడు.

మూడో రోజు ఎండకి తిరిగి తిరిగి, చోడవరం బస్టాండు దగ్గర టిఫిన్ కొట్లో పుణుకులు తింటూ కూర్చున్నాను. వెనకాల ఎవరో మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు అన్నారు:

“ఏటీ అవదమ్మా. సీమ కుట్టినట్టుంటాది.”

నా కుడిచెయ్యి దానంతటది ఎగిరి ఎడం జబ్బని పట్టుకుంది. చెయ్యి తగిలి టీ గ్లాసు బోర్లాపడింది. చూద్దును కదా, నాతోపాటు కొట్లో ఉన్న పెద్దవాళ్ళందరూ ఎడం జబ్బలు పట్టుకునే ఉన్నారు. పుణుకులు వేస్తున్న ఆయన కూడా, జల్లిగరిటె వదిలేసి.

తిరిగి చూస్తే తెల్లచొక్కా వేసుకున్న ఓ బక్కపల్చటి ముసలాయన, కొట్టాయన కూతురి కాల్లో ముల్లు తీస్తున్నాడు. టీకాలాయన!

మీరు ఈ కాలం పిల్లలు, మీకు తెలీదు. ఆరోగ్యశాఖలో ముప్పై ఐదేళ్ళు సైకిలు తొక్కి, మా చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డకీ సూది గుచ్చిన మనిషి ఆయన. సైకిలు గంట వినపడితే బడంతా ఖాళీ అయిపోయీది. కసరడు, అరవడు, పట్టి లాగడు. చల్లటి దూది రాసి, మెత్తగా ఆ మాట అనీవాడు. ఆ మాట తరవాత వచ్చేది చీమ కాదని ప్రతి పిల్లకీ తెలుసు. నేనైతే ఒకటో తరగతిలో ఆ మాట వినగానే బడి గోడ దూకి పారిపోయి, సాయంత్రం దాకా చర్చిలో బల్ల కింద దాక్కున్నాను.

ఇంతకాలం విలన్ కోసం జబ్బలు చూసేను, మీసాలు చూసేను, గొంతులు విన్నాను. భయం ఎక్కడుందో ఆ పూట తెలిసింది. అరిచే మనిషికి ఎవరూ భయపడరు. ఏటీ అవదు అని చెప్పే మనిషికే భయపడతారు.

మర్నాడు పొద్దున్నే ఆయనింటికి వెళ్ళేను. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“నేను సెయ్యలేనమ్మా.”

“ఎందుకండి బాబాయ్? ఐదు రోజుల పని.”

“పనికి కాదు. ముప్పై అయిదేళ్ళు నన్ను సూసి పిల్లలు ఏడిసేరు. నా పిల్లలే నేను ఇంటికొస్తే తలుపు సాటుకి ఎల్లిపోయీవారు, బడిలో అందరూ అలా బెదరగొట్టీవారు మరి. ఇదిగో, మా అమ్మాయి కూతురుంది, ఆరేళ్ళది. దానికి కూడా పుట్టినప్పుడు నేనే సూదేసేనని ఎవరో సెప్పేరు. రెండేళ్ళు నా దగ్గరకి రాలేదు. మొన్న సెలవుల్లోనే వచ్చి ఒళ్ళో కూకుంది. అది పోగొట్టుకోలేను తల్లీ.”

నిజంగా ఆ మాటకి లేచి వచ్చెయ్యాలి. మీరు అలాగే లేచి రండి. నేను రాలేదు. నాలుగో రోజు అది.

“అయ్యో బాబాయ్, ఇది పిల్లల సినిమా! పిల్లలు నవ్వుతారు. ఇనప దవడేసుకుని మీరు నిలబడితే పడీ పడీ నవ్వుతారు. ఊళ్ళో పిల్లలకి మీరంటే ఉన్న భయం కాస్తా ఎగిరిపోతుంది” అన్నాను.

“నవ్వుతారా?” అన్నాడు. ఎంత ఆశగా అన్నాడంటే, నాకు ఇప్పటికీ ఆ గొంతు గుర్తుంది.

“నవ్వకపోతే నన్నడగండి.”

అలా డైరెక్టరుకి వణుకుతారని చెప్పేను, ఆయనకి నవ్వుతారని చెప్పేను.

డైరెక్టరు ఆయన్ని చూసి తెల్లబోయేడు. “మేడమ్, ఏడడుగులు అడిగితే ఐదడుగులు తెచ్చేరేంటి?” అన్నాడు. “ఒక్కసారి ఆ మాట అననియ్యి” అన్నాను. ఆయన అన్నాడు. అనగానే రోలుగుంట నుంచి వచ్చిన లైట్ మనిషి వైరు వదిలేసి జబ్బ పట్టుకున్నాడు. వాను డ్రైవరు పట్టుకున్నాడు. వంటావిడ గరిటె పట్టుకున్న చేత్తోనే పట్టుకుంది. “వీళ్ళకేమైంది?” అన్నాడు కుర్రాడు. చెప్పేను. కాగితాలన్నీ చింపేసేడు. తుప్పు దొరకి సినిమా మొత్తానికి డైలాగు ఇంక అదొక్కటే.

అసలు రోజు వచ్చింది. గానుగ పాకలో ముప్పైమంది పిల్లల్ని కూర్చోబెట్టేరు. ఆళ్ళ తల్లులూ తండ్రులూ కెమెరా వెనకాల. డైరెక్టరు, “పిల్లలకి ఏమీ చెప్పద్దు, నిజం భయం కావాలి, ఒక్కటే టేకు” అన్నాడు. టీకాలాయన జేబులో జీళ్ళ పొట్లం తెచ్చుకున్నాడు, షాటయ్యేక పిల్లలకి పంచుదామని. దవడ తగిలించుకుని ఆయన పాకలోకి రాగానే అది కిర్రుమంది. పిల్లలు ఘొల్లున నవ్వేరు. ఆయన నా కేసి చూసేడు. కళ్ళు మెరిసిపోతున్నాయి. నువ్వన్నది నిజమేనమ్మా అన్నట్టు తల ఊపేడు.

నాకు అప్పుడు కనపడింది. ముందు వరసలో, రెండు జడలేసుకుని ఆయన మనవరాలు. తాతని ఆశ్చర్యపరుద్దామని తల్లి తీసుకొచ్చి, ఆయనకి చెప్పకుండా కూర్చోబెట్టింది. ఆ దవడ వెనకాల ఉన్నది తాతేనని ఆ పిల్లకీ తెలీదు. ఆపుదామని నోరు తెరిచేను. “యాక్షన్” అనేసేరు.

ఆయన మెల్లగా నడిచి వచ్చి, తుప్పు పట్టించడానికని అక్కడ ఆనించిన సైకిలు కేసి వేలు చాపి, మెత్తగా అన్నాడు.

“ఏటీ అవదమ్మా. సీమ కుట్టినట్టుంటాది.”

పిల్లలకి ఆ మాట కొత్త, ఆళ్ళు నవ్వుతూనే ఉన్నారు. కానీ కెమెరా వెనకాల వందమంది పెద్దవాళ్ళు ఒక్కసారిగా జబ్బలు పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసేరు. పిల్లలు తల తిప్పి తల్లుల మొహాలు చూసేరు. తల్లి బెదిరితే పిల్ల ఊరుకుంటుందేటి? ఒకడు మొదలెట్టేడు. తరవాత ముప్పైమందీ పాక ఎగిరిపోయేలా ఏడుస్తూ గుమ్మం కేసి పరిగెట్టేరు. ఆ పరుగులో ఎవరి కాలో తగిలి సైకిలు కింద పడింది. “అమ్మా, దొర ముట్టుకుంటాడే!” అని అందరికంటే ముందు పరిగెట్టింది ఆ రెండు జడల గుంటే. గొంతు వినగానే ఆయనకి తెలిసిపోయింది.

“ఓకే! ఓకే! అదిరింది!” అని డైరెక్టరు ఎగిరి గంతేసేడు. యూనిట్టంతా చప్పట్లు.

ఆయన వేలు అలాగే చాపి ఉంది. కాసేపయ్యేక దించేడు, దవడ తీసేడు, నా దగ్గరకొచ్చేడు.

“నవ్వుతారన్నావు కదమ్మా.”

జీళ్ళ పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేడు. తిడితే పడీదాన్ని. మిగిలిన నాలుగు రోజులూ టైముకొచ్చి, చెప్పింది చేసి, “నమస్కారమమ్మా” అని వెళ్ళేడు. నాతో వేరే మాట లేదు. ఆ పొట్లం ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేను. తినబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు.

సినిమా ఆడింది. ఉక్కుబాబు సంగతి ఎవరికీ గుర్తులేదు గానీ తుప్పు దొర గురించే అందరూ మాట్లాడుకున్నారు. నాకు బోల్డన్ని ఫోన్లు. “మేడమ్, అలాంటి విలన్ ఇంకొకడు కావాలి” అని. నేను మాత్రం ఆయనున్న వీధిలోకి వెళ్ళడం మానేసేను. చర్చికి కూడా చుట్టుతిరిగి వెళ్ళీదాన్ని. పాస్టరుగారు క్షమాపణ మీద ప్రసంగం చేస్తే పాటల పుస్తకంలో తల దూర్చేసీదాన్ని. ఒక ఆదివారం ఇంక నా వల్ల కాలేదు. ఆరాధన అవగానే సరాసరి ఆ వీధిలోకి నడిచేను.

ఆయన గేటు ముందు ఇరవై, పాతికమంది పిల్లలు గుంపుగా అరుస్తున్నారు. ఓలమ్మో, ఇంటి మీద పడిపోయేరేటి, రాళ్ళు విసురుతున్నారేటి అని పరుగందుకున్నాను. దగ్గరికి వెళ్తే అది గుంపు కాదు, వరస. ఒక్కొక్కరూ ఎడం చొక్కాచెయ్యి పైకి మడుచుకుని నిలబడ్డారు. గేటు దగ్గర ఆ రెండు జడల గుంట, చేతిలో స్కేలు పట్టుకుని అదిలిస్తోంది.

“ఒరే, లైన్లో రండి! తోసుకోకండి! ఏడిసినోలు లైను ఆకరికి ఎల్లిపోవాల!”

లోపల అరుగు మీద ఆయన. దవడ లేదు. ఓ బుడ్డోడు వచ్చి జబ్బ చాపేడు. ఆయన వేలు పెట్టి, “ఏటీ అవదు బాబూ. సీమ కుట్టినట్టుంటాది” అన్నాడు. వాడు కర్రలా బిగిసిపోయేడు, తుప్పు పట్టేసిందన్నమాట. తరవాత కిందపడి దొర్లి దొర్లి నవ్వేడు. లేచి పరిగెట్టుకెళ్ళి మళ్ళీ లైనాఖర్న నిలబడ్డాడు.

ఆయన నన్ను చూసేడు. “రామ్మా, అక్కడే నిలబడిపోయేవేటి?”

“తప్పయిపోయింది బాబాయ్. మీకొకటి చెప్పేను, ఆళ్ళకొకటి చెప్పేను.”

“ఆ దొర నేనేనని తెలిసి ఆ రోజు రాత్రి ఇది అన్నం తినలేదు. నా గదికేసి రాలేదు. నిన్ను బాగా తిట్టుకున్నాను, ఎందుకు సెప్పకూడదు” అన్నాడు. “సినిమా వచ్చేక తెర మీద నన్ను సూసింది. సినిమా ఆల్లోనే లేచి ‘అది మా తాత!’ అని అరిసిందట. మర్నాడు దీని క్లాసంతా ఇక్కడికొచ్చేసేరు. అప్పట్నుంచి ఆదివారం వస్తే ఇదే పని.” నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు ఒకటో తరగతిలో గోడ దూకి పారిపోయిన గుంటవి కాదూ?” అన్నాడు.

“గుర్తుందా బాబాయ్?”

“నువ్వు మా ఇంటికొచ్చిన రోజే గుర్తుపట్టేను.”

“మరి అప్పుడే చెప్పలేదేం?”

“సెప్తే మళ్ళీ పారిపోతావని.”

చెయ్యి చాపమన్నాడు. జాకెట్టు చెయ్యి కాస్త పైకి లాక్కుని జబ్బ చాపేను. పెళ్ళిళ్ళయిన పిల్లలున్న దాన్ని, కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను. చల్లటి వేలు తగిలింది.

“ఏటీ అవదమ్మా” అన్నాడాయన.

బొటబొటా కారిపోయేయి కన్నీళ్ళు.

“ఈ మామ్మ ఏడిసేసింది!” అని స్కేలు ఊపింది మనవరాలు. “ఎల్లు మామ్మా, లైనాకరికెల్లు!”

వెళ్ళి ఆఖర్న నిలబడ్డాను. ఈసారి గోడ దూకలేదు.